ఏడో ప్రశ్న కింద నేను రాయించింది

రిటైరయ్యాక కూడా నా దగ్గరికి కాగితాలు రావడం ఆగలేదు. ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల సెక్షన్లో గుమస్తాగా చేరి, అదే ఆఫీసులో సూపరింటెండెంటుగా దిగిపోయాను. కుర్చీలు మారాయి గాని పని మారలేదు. ఎవరి దరఖాస్తులో ఏ కాగితం తక్కువైందో చూడటమే నా ఉద్యోగం. ఇప్పుడు వీధిలో ఎవరికి ఏ ఫారం నింపాల్సి వచ్చినా మా వరండాలోకి వస్తారు. మా ఆయన ఎనుమాముల మార్కెట్ యార్డులో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున్నే గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు కనబడితే చాలు, "మిర్చి సీజన్ల యార్డుకు గూడ ఇంత రాకడ ఉండదు" అంటారు పేపరు వెనక నుంచి.

డైరీ రాయడం నాకు చదువుకునే రోజుల నుంచి అలవాటు. రోజుకొక పేజీ. జరిగిన సంగతులే రాస్తాను, నాకేమనిపించిందో రాయను. ఎవరు వచ్చారు, ఏ పని అయింది, ఏది మిగిలింది, అంతే. ఇప్పుడు ఈ సంగతి రాయడానికి ఆ నెలల డైరీ ముందు పెట్టుకుంటే, అసలు సంగతి ఆ పేజీల్లో దాదాపు లేదని తెలిసింది. అందుకని గుర్తున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ఆ అమ్మాయి కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. హసన్‌పర్తి వైపు ఒక కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. మధ్యలో వాళ్ల అమ్మకు ఒంట్లో బాగాలేక రెండేళ్లు చదువు ఆపి, మళ్లీ చేరింది. ఒక ఆదివారం పొద్దున ఫోను పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, ఇది జర చూస్తవా? మా లెక్చరర్ మేడం పంపింది."

అది ఒక విదేశీ సంస్థ ప్రకటన. చేతిపనులు తెలిసిన యువతీయువకులను వేరువేరు దేశాల నుంచి పిలిపించి, యూరప్‌లో ఒక చిన్న పట్నంలో రెండు నెలలు కలిపి ఉంచుతారు. విమానం టికెట్లు, తిండి, వసతి అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఒక్కో దేశం నుంచి ఒకరినో ఇద్దరినో మించి తీసుకోరు. చేరేనాటికి ఇరవై మూడేళ్లు నిండి ఉండకూడదు. ఆ అమ్మాయికి ఆ చలికాలంలో ఇరవై మూడు నిండుతాయి. అంటే అడిగితే ఈసారే అడగాలి, వచ్చే ఏడు అడిగే వీలు లేదు.

"నీకు పోవాలని ఉందా?" అని అడిగాను. చాలామంది పిల్లలు ఎవరో పంపమన్నారని పంపుతారు, అందుకని ముందు ఈ మాట అడగడం నా పద్ధతి.

"ఉన్నది పెద్దమ్మా. మా నాయిన తోటి తప్ప ఇంకెవలి తోటి నేను నేయలే. వేరే దేశపోళ్లు ఎట్ల కూసుంటరో, చెయ్యి ఎట్ల ఆడుతదో చూడాలె. చూసి మల్ల వస్త."

ఆ మాట నాకు నచ్చింది. గడువు ఇంకా ఇరవై రోజులుంది. ఫారమంతా ఆన్‌లైన్లోనే నింపాలి. అయినా నేను దాన్ని జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించాను. ముందు పెన్సిల్‌తో చిత్తు ప్రతి, తర్వాత జతపరచాల్సిన కాగితాల జాబితా, ఆ తర్వాతే కంప్యూటర్. ఇలా చేసిన దరఖాస్తు నా సర్వీసులో ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

ఆరో ప్రశ్న దాకా సాఫీగా సాగింది. ఏడోది ఇలా ఉంది: మీకు తెలిసిన పని ఏమిటి, మాతో ఉండే మిగతా యువకులకు మీరు ఏం నేర్పగలరు? కింద సగం పేజీ ఖాళీ వదిలారు.

"నేసుడు రాయాలె గద పెద్దమ్మా?" అంది.

"సర్టిఫికెట్ ఉందా?"

"ఇంట్ల నేసేదానికి సర్టిఫికెట్ ఎవలిస్తరు?"

"అయితే రాయొద్దు. రేపు వాళ్లు ప్రూఫ్ అడిగితే ఏం చూపిస్తాం? ఒక్కదానికి ప్రూఫ్ లేదంటే మిగతా అన్నింటి మీద అనుమానం వస్తది."

ఇది నేను కల్పించిన సూత్రం కాదు. నేను చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు చెప్పిన మొదటి పాఠం. కాగితం లేనిది ఫారంలోకి ఎక్కకూడదు. ఆ సూత్రం వల్ల ఎందరో పిల్లల స్కాలర్‌షిప్పులు ఆగకుండా వచ్చాయి, ఆ సంగతి కూడా నిజమే.

"మరి ఏం రాద్దాం?"

"కంప్యూటర్ కోర్సు చేసినవు గదా, మూడు నెలలది. దానికి సర్టిఫికెట్ ఉన్నది. అది రాయి."

ఆమె కాసేపు పెన్సిల్ చివర కొరికింది. తర్వాత రాసింది. నేత సంగతి 'తండ్రి వృత్తి' అన్న గడిలో పడింది.

తన గురించి ఒక పేజీ రాయమన్న చోట ఆమె ఇంటి దగ్గరే ఏదో రాసుకొచ్చింది. నేను దాన్ని పూర్తిగా చదవలేదు. మొదటి రెండు వాక్యాలు చూసి, దరఖాస్తు ఇలా ఉండదని పక్కన పెట్టి, మా ఆఫీసు ఇంగ్లీషులో నేనే చెప్పి రాయించాను. నిరుపేద కుటుంబమని, తల్లి అనారోగ్యమని, తండ్రి రెక్కల కష్టమని, తమరు దయాదృష్టి ప్రసరింపజేయవలసిందని. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు జతపరిచాం. ఆమెను బాగా ఎరిగినవారి ఉత్తరం ఒకటి కావాలన్నారు. నేను మా పాత కాలేజీకి వెళ్లి, తెలిసిన అధికారి చేత ఆకుపచ్చ సిరాతో సంతకం, గుండ్రటి ముద్ర వేయించుకొచ్చాను. నాకు తెలిసినంతవరకు ఈమె శీలము, నడవడిక సంతృప్తికరము అని అందులో ఉంది. ఆయన ఆ అమ్మాయిని ఎన్నడూ చూడలేదు.

తండ్రి సంతకం కోసం నేనే వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో సగానికి పైగా మగ్గమే ఉంది. వెడల్పాటి జంపఖానా మగ్గం మీద ఉంది, తండ్రీ కూతురూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. నన్ను చూసి లేవలేదు. ఆ అమ్మాయి తల తిప్పకుండానే, "జర కూసో పెద్దమ్మా, వరుస అయిపోని" అంది. ఇద్దరు నేసేటప్పుడు వరుస మధ్యలో ఒకరు లేవకూడదని వాళ్లింట్లో కట్టుబాటు. ఒకరు లేస్తే రెండు సగాలు సమంగా రావట. నేను పావుగంట కూర్చున్నాను. వాళ్లిద్దరూ సన్నగా ఏదో గొణుక్కుంటూ నేస్తున్నారు, కబుర్లనుకున్నాను. వరుస అయ్యాక ఆయన వచ్చి సంతకం పెట్టి, "ఫికర్ లేదు మేడం, మీరు చూసిన్రంటే అయినట్టే" అన్నాడు.

ఆ రోజు డైరీలో 'తండ్రి సంతకం తీసుకున్నాను' అని మాత్రమే ఉంది.

దరఖాస్తు పంపిన రెండు వారాలకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి వరండాలో కూర్చోలేదు. నిలబడే ఫోను నా చేతికిచ్చింది. ఆ సంస్థ నుంచి జవాబు. చాలా మర్యాదగా రాశారు. మీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇంత పద్ధతిగా పంపినవారు తక్కువ. కాని ఇది పేదరికం చూసి ఇచ్చే సాయం కాదు, ఒకరికొకరు నేర్పుకునే ఏర్పాటు. మీరు మాకేం నేర్పగలరో మాకు అర్థం కాలేదు. కంప్యూటర్ ప్రాథమిక విషయాలు ఇక్కడ అందరికీ తెలుసు. మీ ఇంట్లో నేత పని ఉందని ఒక గడిలో కనిపించింది, అందులో మీకేమైనా ప్రవేశం ఉందా? జతపరిచిన ఉత్తరం రాసిన వ్యక్తికి మీరు ఎలా తెలుసు? ఏడో ప్రశ్నకు మళ్లీ జవాబు, మీ పని స్వయంగా చూసినవారి ఉత్తరం పది రోజుల్లో పంపితే పరిశీలిస్తాం.

నేను రెండుసార్లు చదివాను. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మూడోసారి చదివారు.

"నీ సర్వీసంతట్ల మొదటిసారి ఫైలు వాపస్ వచ్చింది" అన్నారు. తర్వాత నా ముఖం చూసి, "చాయ్ పెడత" అని లోపలికి పోయారు.

ఆ అమ్మాయి నన్నొక్క మాట అనలేదు. "కాగితాలు మంచిగున్నయని రాసిన్రు పెద్దమ్మా" అంది. నాకు ఆ మాటే కష్టమనిపించింది. తిట్టినా బాగుండేది. ఆమెకు ఉన్న ఒకే ఒక్క అవకాశం నా సూత్రం వల్ల చేజారిపోయేలా ఉంది, ఆమేమో నన్ను ఓదారుస్తోంది.

"మొదట నువ్వు రాసుకొచ్చిన కాగితం ఉందా?" అని అడిగాను.

"ఉన్నది. ఎందుకో పారెయ్యబుద్ధి కాలే."

"అది తీసుకురా. ఈసారి మొత్తం చదువుతా."

ఆమె తెచ్చాక చదివాను. ఇంగ్లీషులో అక్కడక్కడ తప్పులున్నాయి. కాని చెప్పిన విషయం తేటగా ఉంది. మా ఇంట్లో ఇద్దరం ఒకే బొమ్మను చెరిసగం నేస్తాం, ముందు కాగితం మీద గీసుకోం, నా సగంలో ఏ రంగు ఎన్ని పోగులో నేను పైకి చెబుతాను, మా నాన్న తన సగంలో దానికి ఎదురు లెక్క వేసుకుంటాడు, మధ్యలో పువ్వు కలుస్తుంది. ఎవరైనా ఇద్దరు, ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా, పది అంకెలు, నాలుగు రంగుల పేర్లు నేర్చుకుంటే ఇలా కలిసి నేయవచ్చు, నేను అది నేర్పుతాను. ఇంతే.

ఆ రోజు నేను కబుర్లనుకున్న గొణుగుడు ఆ లెక్కే.

ఏడో ప్రశ్నకు జవాబు సిద్ధంగానే ఉంది. మిగిలింది ఉత్తరం. ఆమె పని చూసినవారు ఎవరున్నారని అడిగితే, తండ్రి, మేనత్త అంది. బంధువుల ఉత్తరాలు చెల్లవు. లెక్చరర్ మేడం ఆమెను క్లాసులో తప్ప చూడలేదు.

"నువ్వు రాయి పెద్దమ్మా."

"నేను రిటైరైన. నా దగ్గర ముద్ర లేదు. పైగా నీ పని నేను పావుగంట కన్నా చూడలేదు."

"అయితే వచ్చి చూడు."

మరునాటి నుంచి నాలుగు రోజులు, పొద్దున ఏడు గంటలకు నోటుబుక్కు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న గోడవారగా నాకొక పీట వేశాడు. మొదటి రోజు ఆయనకు మొహమాటంగా ఉన్నట్టుంది.

"ఇన్‌స్పెక్షనా మేడం?"

"అట్లనే అనుకో."

"మరి నాకు గూడ మార్కులేస్తరా?"

"నీకు కాదు, పక్క సీటుకు."

"బతికిపోయిన" అని మగ్గం వైపు తిరిగాడు.

నేను చూసింది చూసినట్టు రాసుకున్నాను. అది నాకు చేతనవును. మంగళవారం ఎర్రనూలు కొత్త కట్ట విప్పితే, ఆ అమ్మాయి దాన్ని పాత నూలుకు ఆనించి కిటికీ వెలుగులో చూసి వాడనన్నది. నాకు రెండూ ఒకటే ఎరుపు. తండ్రికి కూడా ఒకటేనట. ఆమె మాత్రం, "ఒక్క ఉతుకు పడితే తేడా ఏర్పడతది నాయినా" అని కట్ట పక్కన పెట్టేసింది. బుధవారం ఆయన ఒకచోట లెక్క తప్పాడు. ఆమె తన సగంలో ఉండి, చేతి పంజాతో పేకను దగ్గరికి కొడుతూ, చూడకుండానే, "ఐదు కాదు, నాలుగు" అంది. ఆయన ఎంచి చూసుకుని ఒక పోగు విప్పాడు. గురువారం నన్నే బల్ల మీద కూర్చోబెట్టింది. "నలుపు మూడు, ఎరుపు ఐదు, తెలుపు ఒకటి" అని చెబుతూ పోయింది, నేను పెట్టుకుంటూ పోయాను. నా వేళ్లు పక్కకు పోయినప్పుడల్లా ఆగి, మళ్లీ మొదటి నుంచి అదే గొంతుతో చెప్పింది, విసుక్కోలేదు. ఒక గంటలో జానెడు వెడల్పున మూడు వరుసలు పడ్డాయి. వాళ్ల నాన్న వచ్చి చూశాడు.

"మేడం నేసింది విప్పాల్నా బిడ్డా?"

"పాపం, ఈ పూటకు ఉండనియ్యి."

శుక్రవారం ఉత్తరం రాశాను. సంతృప్తికరము, ప్రశంసనీయము లాంటి మాటలు వాడలేదు. నాలుగు రోజులు ఏం చూశానో వరుసగా రాశాను. ఆమె నాకు ఎంతసేపట్లో ఏం నేర్పిందో, నేను ఎక్కడెక్కడ తప్పానో రాశాను. చివర ఒక వాక్యం రాయడానికి పొద్దంతా పట్టింది. ఇంతకుముందు పంపిన దరఖాస్తులో ఈ పని గురించి లేకపోవడం అభ్యర్థి లోపం కాదు, కాగితం లేని పనిని రాయవద్దని సలహా ఇచ్చింది నేను. ఆఫీసులో ఎన్నో సవరణలు రాశాను గాని, అన్నీ ఇతరుల తప్పులకే. నా పేరు మీద రాసింది ఇదే మొదటిది.

ఆమె అది చదివి, "ఈ ముచ్చట ఎందుకు పెద్దమ్మా?" అంది.

"ముందే ఎందుకు రాయలేదని వాళ్లకు అనుమానం వస్తది గదా. ఉండనియ్యి."

పది రోజుల గడువులో ఎనిమిదో రోజు పంపాం. వారం తర్వాత వీడియోలో మాట్లాడతామని కబురొచ్చింది. మా ముందు గదిలో కూర్చుంటే సద్దు ఉండదని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "మగ్గం కాన్నే కూసుంట. చేతులు ఖాళీగుంటే నాకు మాట రాదు." నేను మళ్లీ సలహా చెప్పే ధైర్యం చేయలేదు.

ఆ సాయంత్రం ఫోనును ఒక డబ్బాకు ఆనించి పెట్టాం. అవతల ఇద్దరున్నారు, ఒక పెద్దాయన, నేత పని చేసే ఒక నడివయసు ఆమె. తండ్రీ కూతురూ బల్ల మీద, నేను గోడవారగా పీట మీద. ఆమె ఇంగ్లీషు తడబడుతూ మొదలై, చేతులు పనిలో పడ్డాక సర్దుకుంది. మీ అమ్మాయి నేర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందని తండ్రిని అడిగారు.

"ఇంక నేర్చుకుంటనే ఉన్నదని చెప్పు" అన్నాడాయన.

"గట్ల చెప్తే సీటు పోతది నాయినా."

"పోతే పోనీ, ఉన్నదే గద చెప్పాలె."

ఆమె ఉన్నదే చెప్పింది. అవతల ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆ నేత పని ఆమె, మీ నేతలో ఎక్కడైనా ఒక తప్పు చూపించి, దాన్ని ఎలా సర్దుతారో చెప్పమంది. అమ్మాయి ఏమాత్రం ఆలోచించకుండా ఫోను చేతిలోకి తీసుకుని, జంపఖానా అంచు దగ్గరికి పట్టి ఏదో వివరించింది.

వాళ్ల నాన్న నా వైపు వంగి, "ఏమన్నది మేడం?" అని మెల్లగా అడిగాడు.

"ఆ పువ్వు రేకను వంకరగా నేసింది నువ్వేనట. తర్వాతి వరుసలో తను సర్దిందట."

"ఎవలికీ కనవడకుండ దాచిపెట్టిన. సముద్రాల అవతలికి చూపెట్టింది" అన్నాడు, కోపమేమీ లేకుండా.

ఆఖరున పెద్దాయన ఒక ప్రశ్న వేశాడు. ఈమె రెండు నెలలు లేకపోతే ఆ పక్క ఎవరు కూర్చుంటారు? అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పకుండా ఆగిపోయింది. నేను చెప్పాను. వాళ్ల నాన్న పంజాను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"మా అక్క వచ్చి కూసుంటది. చెయ్యి నిదానం, గాని పని అయితది. ఆర్డర్ జర ఆలస్యమైతది. అయినా పర్వాలేదని చెప్పు బిడ్డా. నేను ఈ బల్ల మీదికెల్లి లేచి యాడికి పోలే. ఆమె పోయి చూసొస్తే మంచిదే గద."

ఆమె తల వంచి నూలు కట్ట సర్దుకోసాగింది. నేనే పీట మీది నుంచి ఇంగ్లీషులో చెప్పాను. నా ఆఫీసు ఇంగ్లీషులో ఆ మాటలకు సరిపోయేవి లేవు, అందుకని చిన్న చిన్న మాటల్లో చెప్పాను.

నెలాఖరుకు ఫలితం చెబుతామన్నారు. ఉత్తరం పని అయిపోయినా నేను పొద్దున పూట వాళ్లింటికి వెళ్లడం మానలేదు. ఎందుకని వాళ్లూ అడగలేదు. మా ఆయన మాత్రం, "కొత్తవాడకు ట్రాన్స్‌ఫర్ అయినవా?" అని అడిగారు.

అలా ఒక రోజు నేను పీట మీద ఉండగానే కిటికీలో పెట్టిన ఫోను మోగి ఆగింది. అమ్మాయి అటు చూసింది. తెర మీద ఆ సంస్థ పేరు నాకు కూడా కనిపించింది.

"ఆళ్లదే" అంది.

"చూడు మరి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"వరుస మధ్యల ఉన్న పెద్దమ్మా."

"ఇయ్యాల లేవరాదు బిడ్డా, ఏం గాదు" అన్నాడు తండ్రి.

"నలుపు రెండు" అంది ఆమె. ఆయన తన సగంలో నలుపు అందుకున్నాడు. ఎరుపు ఆరు, తెలుపు ఒకటి, మళ్లీ ఎరుపు. ఆ వరుసకు ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు. ఆఖరు పోగు పెట్టి, పంజాతో రెండుసార్లు కొట్టి, చేతులు తుడుచుకుని లేచింది. నిలబడే చదివింది. ఒకసారి చదివి, పైకి జరిపి మళ్లీ చదివింది.

"రమ్మన్నరు నాయినా" అంది.

వాళ్ల నాన్న లేవలేదు. "ఎప్పుడు?"

ఆమె తేదీ చెప్పింది. ఆయన మగ్గం మీది జంపఖానా వైపు చూశాడు. నేసింది సగం దాటింది, నేయాల్సింది చాలానే ఉంది. వేళ్ల మీద ఏదో లెక్కించుకున్నాడు.

"ఆ లోపల ఇది దించాలె" అన్నాడు. కొంచెం ఆగి, పై పంచెతో కళ్లు తుడుచుకున్నాడు. "అక్కకు చేతగాదు ఈ పువ్వు. దా, కూసో."

ఆమె ఫోను నా చేతిలో పెట్టి, వెళ్లి తన చోట కూర్చుంది. తలుపులోంచి వాళ్లమ్మ ఏమైందని అడిగితే నేనే చెప్పాను.